ఊకదంపుడు మాటలు

శ్రోతలకు నమస్కారం. చెప్పిందే చెప్పేవాళ్లను మనవాళ్లు ఎక్కువగా తిండి మాటలతోనే దెప్పుతారు. నమిలినదాన్నే నమిలితే చర్వితచర్వణం. పిండినే మళ్లీ తిరగలిలో పోసి విసిరితే పిష్టపేషణం. గింజ లేని పొట్టును రోట్లో పోస్తే ఊకదంపుడు. పాడిందే పాడే పాచిపళ్ల దాసరి సంగతి సరేసరి. ఫ్రెంచివారి ‘క్లిషే’ మాత్రం అచ్చుశాలలో పుట్టింది. ఒకసారి పోతపోసిన పలకతో అదే పుటను ఎన్నిసార్లయినా అచ్చు వేసుకోవచ్చు. మన ‘మూస’ దానికి దగ్గరి చుట్టం. నా ఓటు ఊకదంపుడుకే. రోకలి చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది, చేటలోకి మాత్రం బియ్యం రావు.

నెల్లూరు సభల్లో మైకు అందుకోగానే ‘తిక్కన నడయాడిన నేల’ అంటారు. ఆ తర్వాత ఆయన పద్యం ఒక్కటైనా చదువుతారా అంటే, శాలువాలకే సమయం చాలదు. భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన మహాకవికి దక్కేది ఆ పలకరింపే!

ఒంగోలులో అయితే ‘తుపాకీకి గుండె చూపిన ధీరుడు’. అది జరిగిన విషయమే, అందుకే నాకు మరీ కష్టంగా ఉంటుంది. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ రాకను నిరసిస్తూ జనం మద్రాసు వీధుల్లోకి వచ్చారు. పోలీసుల కాల్పుల్లో ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ శవాన్ని చూడాలని టంగుటూరి ప్రకాశం పంతులు ముందుకు కదిలారు. కదిలితే కాలుస్తామని తుపాకీ ఎక్కుపెట్టారు. కాల్చుకోమని ఆయన చొక్కా తెరిచి నిలబడ్డారు. మన ఉపన్యాసాల్లో ఆ చొక్కా ఉంటుంది, రోడ్డు మీద పడి ఉన్న మనిషి ఉండడు. అసలు పంతులుగారు అంత దూరం వెళ్లింది ఎవరి కోసం? అరిగిన మాట అబద్ధం ఆడనక్కర్లేదు, ఆ ప్రశ్న రాకుండా చేస్తే చాలు.

శుభలేఖకు మాత్రం మినహాయింపు ఇవ్వాలి. అక్కడ కొత్తదనం ఎవరడిగారు?

మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునేవారిని వినండి. నీళ్లలో నిలబడి చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె అంటూ ఎవరికి కావలసింది వారు పేరు పెట్టి అడుగుతారు. కోరిక తీరినవారు తెచ్చి ఇస్తారు. వార్త రాసేవారికి మాత్రం ఏటా ‘పోటెత్తిన భక్తజనం’ ఒక్కటే కనిపిస్తుంది. ఈసారి ఏ రొట్టెను ఎక్కువమంది అడిగారో రాస్తే, ఊరికి ఏం కొరతగా ఉందో మనకు తెలిసేది.