పులుపుల ఇరుక్కున్న బ్యాక్టీరియా, అది వదిలే వాసన

నమస్తే అందరికీ. టాపిక్ పేరు చూసి భయపడొద్దు, నేను చెప్పబోయేటియి మన పాలమూరుల ఇంటింటికీ తెలిసిన వాసనలే.

పెరుగు తోడుకున్నంక గిన్నె మూత తీస్తే ఒక్కోసారి వెన్న లెక్క కమ్మటి వాసన గుప్పుమంటది గదా, దాంట్ల ముఖ్యమైనది డైఅసిటైల్. తోడుల ఉండే బ్యాక్టీరియా పాలల్ల చక్కెర తిని లాక్టిక్ యాసిడ్ వదుల్తది, ఆ యాసిడ్‌కే పాలు గట్టిపడ్తయి, కాని అది పెరిగినకొద్దీ వదిలినదాని ప్రాణం మీదికే వస్తది. అప్పుడు లాక్టోకోకస్ అనే తోడు బ్యాక్టీరియాల కొన్ని రకాలు పాలల్ల ఉన్న సిట్రేట్ అనే పదార్థాన్ని లోపలికి గుంజుకుంటయి, దాన్ని విరగ్గొట్టేటప్పుడు లోపలి ప్రోటాన్లు (పులుపుకు కారణమైన హైడ్రోజన్ కణాలు) ఖర్చయితయి, మిగిలిన సరుకు ఇంకింత యాసిడ్ కాకుండ అసిటోయిన్, డైఅసిటైల్‌గ మారి బయటపడ్తది.

మన పేగులల్ల ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా దారి వేరే. చుట్టూ పులుపెక్కితే లైసిన్ అనే అమైనో యాసిడ్‌కెల్లి కార్బన్ డయాక్సైడ్ తీసేసి, ఆ జాగల ఒక ప్రోటాన్‌ను పెట్టి, కడావరిన్ చేసి బయటికి నూకుతది. కడావరిన్ అంటే కుళ్ళిన మాంసం కంపు. నాకు ఇందుల అన్నిటికంటే నచ్చే ముచ్చట ఏందంటే, పులుపు ఉన్నంతసేపు ఆ కంపు మనకు సరిగ్గ రాదు, కడావరిన్ ఇంకో ప్రోటాన్‌ను పట్టుకొని ఉప్పుగ మారి నీళ్లల్లనే ఉండిపోతది, గాల్లోకి లేవదు. జూరాల చేపకు నకిరేకల్ నిమ్మకాయ పిండితే నీసు తగ్గుడుల గూడ ఈ కెమిస్ట్రీ ఉంది. కాబట్టి వాసన లేదంటే బ్యాక్టీరియా ఊకె కూసున్నదని అనుకోవద్దు.

ఇగ హెలికోబ్యాక్టర్ పైలోరి. కడుపుల యాసిడ్ దగ్గరనే కాపురం పెట్టే మొండిది. యూరియేజ్ అనే ఎంజైమ్‌తోటి యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ చేస్తది, అమ్మోనియా చుట్టూ ఉన్న యాసిడ్‌ను విరుస్తది. బ్యారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ 1984ల ఈ బ్యాక్టీరియాను తానే తాగి గ్యాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాపు) తెచ్చుకొని చూపెట్టిండు, 2005ల రాబిన్ వారెన్‌తోటి కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది.

మన దగ్గర కడుపుమంటకు ఏండ్లకేండ్లు మెడికల్ షాపుల గ్యాస్ గోళీలు కొని మింగుతరు, చూస్తే బాధైతది, ఎందుకంటే ఊదితే తెలిసే టెస్టు ఉంది. కార్బన్-13 (మామూలు కార్బన్ కంటే కొంచెం బరువైనది) ఉన్న యూరియా తాగిస్తరు, కొంచెంసేపటికి సంచిల ఊదిస్తరు, ఊపిరిల ఆ కార్బన్ పెరిగిందంటే కడుపుల పైలోరి ఉన్నట్టే. ఒక్కటి యాదుంచుకోండి, యాసిడ్ తగ్గించే గోళీలు వాడుతుంటే టెస్టుకు 2 వారాల ముందు ఆపమని డాక్టర్లు చెప్తరు, యాసిడ్ తగ్గితే పైలోరి గూడ యూరియాను అంతగనం విరగ్గొట్టదు, ఉన్నా లేనట్టు రిపోర్టు వస్తది.