రసీదు వెనక రాసుకున్న బెజవాడ

సభకు నమస్కారం. నా పాత కాగితాలు కొన్ని ఈరోజు ఈ గ్రంథాలయానికి ఇస్తున్నాను. వాటి సంగతే చెబుతాను.

2024 సెప్టెంబరులో బుడమేరు మా సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు బీరువాలో పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. మిగిలింది అటక మీది ట్రంకు పెట్టె. నీళ్లు తీశాక మా కోడలు దాన్ని దింపి, “మామయ్యా, ఇందులో పాత రసీదులున్నాయి, పారేయమంటారా?” అంది. తిప్పి చూస్తే నా కవితలు.

డెబ్బైల్లో వన్‌టౌన్‌లో ఒక లారీ ఆఫీసులో గుమాస్తాగా చేశాను. రాతలో తప్పు పడి చెల్లకుండా పోయిన రసీదులు జేబులో వేసుకుని, రాత్రిళ్లు వాటి వెనక రాసుకునేవాణ్ణి. కాళేశ్వరరావు మార్కెట్‌లో తెల్లవారుజాము సందడి, రైవస్ కాలువ గట్టు, రిక్షాలోనే ముడుచుకుని నిద్రపోయే మనిషి. ఒకసారి పత్రికకు పంపితే తిరిగొచ్చాయి. అంతే, మళ్లీ పెట్టె మూత తీయలేదు.

ఇప్పుడు చదివితే కొన్ని మరీ ఆవేశంగా అనిపించాయి. దిద్ది, తిరగరాసి ఇద్దామనుకున్నాను. నాలుగు దిద్దాను కూడా. అయిదోది నన్ను ఆపేసింది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టింది. ఆ వారం రాసిన కవిత అది. అందులో ‘కన్నీరు’ ఏడుసార్లు వచ్చింది. కాగితం వెనక్కి తిప్పితే అదీ నా చేతిరాతే: అవనిగడ్డకు దుప్పట్లు 40 కట్టలు, బియ్యం 60 బస్తాలు. కూలి దగ్గర వేసిన అంకె కొట్టేసి ‘తీసుకోలేదు’ అని ఉంది. ఆ కొట్టివేత వల్లే రసీదు చెల్లలేదు, నా జేబులోకి వచ్చింది. ఆ రాత్రి ముఠావాళ్లు, అంటే లారీలకు సరుకెత్తే కూలీలు, పైసా ముట్టకుండా లోడెత్తారు. కళ్లారా చూసి, లెక్కలో రాశాను. కవితలో రాయలేదు. ఇన్నేళ్లకు అది తెలిసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

1914లో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన ఊరు మనది. కాలవల మీద పడవల్లో పుస్తకాలు తిప్పిన పాతూరి నాగభూషణంగారి ప్రాంతం. ఈ కాగితాలకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఒక్క అక్షరం మార్చకుండా అన్నీ ఇస్తున్నాను. దిద్దిన నాలుగూ పాతవాటి పక్కనే ఉంటాయి. తుప్పు పట్టిన గుండుసూదులు గ్రంథాలయంవారే ఓపిగ్గా తీశారు. నేను కోరింది ఒక్కటే: స్కాన్ చేస్తే రెండు వైపులా చేయండి.

ఆ రసీదు మీద ముఠావాళ్ల పేర్లు లేవు. నాకు గుర్తున్నవి రెండే, రాసిచ్చాను. మీ నాన్నగారో తాతగారో ఆ రాత్రి వన్‌టౌన్‌లో బస్తాలు మోసి ఉంటే, వెళ్లేముందు ఆ పేరు రిజిస్టరులో రాయించండి. కింద జాగా వదిలించాను.