మీ బండి గాలి ఎక్కణ్ణించి పీలుస్తోంది?

అందరికీ నమస్కారం. నన్ను పిలిచిన మిత్రులకు కృతజ్ఞతలు. ఇంజిన్ పవర్ పెంచుకునే మార్గాల మీద మాట్లాడమన్నారు. వాటిల్లో ఒక్కదాని దగ్గరే ఆగిపోతానని ముందే చెప్పేస్తున్నాను. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. అంటే, ఇంజిన్‌కి బయటి చల్లగాలి అందేలా కంపెనీ గాలి గొట్టాన్ని, ఎయిర్ ఫిల్టర్‌ని తీసేసి బిగించే కిట్. అది బిగించిన బండి నీళ్లలో దిగితే ఏమవుతుందో చెప్పకుండా దాని గొప్పలు మాత్రం చెప్పి కూర్చోవడం నా వల్ల కాదు.

గొప్పలు లేవనను. చల్లగాలి చిక్కగా ఉంటుంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడి 3 డిగ్రీలు తగ్గితే దాని సాంద్రత సుమారు 1 శాతం పెరుగుతుంది. అందుకే ఫిల్టర్‌ని బానెట్ కింది వేడి నుంచి తప్పించి, బంపర్ మూలకో, ఫాగ్ ల్యాంపు వెనక్కో, ఫెండర్ లోపలికో దించుతారు. సౌండు కూడా మారుతుంది. సగం మంది దానికోసమే వేయించుకుంటారు. తప్పేమీ లేదు, నాకూ ఆ సౌండు ఇష్టమే.

మరి కంపెనీవాళ్లకి చల్లగాలి సంగతి తెలియదా? ఇప్పటి బండ్లలో చాలావాటికి కంపెనీ గొట్టం కూడా బయటి గాలినే పీలుస్తుంది. దాని మూతి రేడియేటర్ పైనో, హెడ్‌లైటు వెనకో ఎత్తులో ఉంటుంది. చాలా బండ్లకి ఫిల్టర్ పెట్టె అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రం కూడా ఉంటుంది. నీళ్లను మనసులో పెట్టుకుని ఎవరో ఆలోచించి చేసిన పని అది. ఆ పెట్టె తీసేసి, ఫిల్టర్‌ని రోడ్డుకి జానెడు ఎత్తులో వేలాడదీస్తున్నాం. పైగా గొట్టం పట్టడం లేదని చక్రం పక్కనున్న ప్లాస్టిక్ లైనర్‌ని కోసేస్తున్నాం. టైరు చిమ్మే నీళ్లకి ఉన్న ఒక్క అడ్డూ పోతోంది.

ఈ రాడ్డు చూడండి. ముందు వరుసలోవాళ్లు చేతిలోకి తీసుకోండి, వెనక్కి పంపండి. కనెక్టింగ్ రాడ్. సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌ని, కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కి కలిపేది ఇదే. నిలువుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తే మధ్యలో వంపు తెలుస్తుంది. ఉక్కు ఇది. దీన్ని వంచింది నీళ్లు.

ఒక అబ్బాయి వాళ్ల నాన్నగారి కారుకి ఈ ఇన్‌టేక్ వేయించాడు. ఆ కారు తీసుకుని, వాన వెలిశాక, నీళ్లు నిలిచిన రోడ్డు మీద వెళ్తున్నాడు. పెద్ద లోతేమీ కాదు. ముందు బండ్లన్నీ దాటాయి, ఇతనూ దిగాడు. ఎదురుగా లారీ వచ్చింది. అది తోసిన అల బంపర్‌ని కొట్టింది. ఇంజిన్ ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. మెల్లగా పోతూ అలా ఆగిన ఇంజిన్ చాలాసార్లు బతికే ఉంటుందండీ! కానీ చుట్టూ చేరినవాళ్లు ఊరుకోరు కదా. "సెల్ఫ్ కొట్టు బాబూ" అన్నారు. కొట్టాడు. టక్ మని ఆగింది. మళ్లీ కొట్టు అన్నారు. ఆ తర్వాత నలుగురూ కలిసి తోసి, సెకండ్ గేర్‌లో క్లచ్ వదలమన్నారు. అందరూ మంచి మనసుతోనే చేశారు. ఆ మంచితనమే నాకు ఇప్పటికీ బాధ.

నా దగ్గరికి వచ్చాక ప్లగ్గులు విప్పి ఇంజిన్ తిప్పితే మూడో సిలిండర్ నుంచి నీళ్లు పైకి చిమ్మాయి. సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ దించాం. మూడు పిస్టన్లు పైదాకా వస్తున్నాయి, ఒక్కటి మాత్రం కిందే ఆగిపోతోంది. రాడ్డు వంగి పొట్టిదైపోయింది. "బాబూ, నీ ఫిల్టర్ ఎక్కడుందో తెలుసా?" అని అడిగాను. తెలియదన్నాడు. బిగించినవాళ్లు చెప్పలేదు. లోతు నీళ్లలో దిగొద్దని చిన్న అక్షరాల్లో రాసిన కాగితం ఆ కిట్ వచ్చే డబ్బాలోనే ఉంటుంది. అతని చేతికి రాలేదు. డబ్బాతో పాటు చెత్తలోకి పోయింది. నాకు కోపం అక్కడ. అమ్మినందుకు కాదు, చెప్పనందుకు.

సరే, లెక్క చూద్దాం. రెండు లీటర్ల ఇంజిన్‌కి నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి 500 సీసీ. కంప్రెషన్ 10కి 1 అయితే, అంటే లోపలి చోటుని పదో వంతుకి నొక్కితే, పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు దాదాపు 55 సీసీ. నీళ్లు అంతకు మించితే పిస్టన్‌కి దారి లేదు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఇంజిన్ చివరనున్న బరువైన చక్రం, ఫ్లైవీల్, తిప్పుతూనే ఉంటుంది, మధ్యలో ఇరుక్కున్నది రాడ్డు. కంప్రెషన్ 16కి 1 ఉన్న డీజిల్‌లో అదే సిలిండర్‌కి మిగిలేది 33 సీసీ. పెద్ద చెంచాతో కొలిస్తే రెండున్నర కూడా దాటదు. ఇక పీల్చే బలం సంగతి. నిమిషానికి 2000 చుట్లు తిరిగేటప్పుడు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, ఆ ఇంజిన్ సెకనుకి 30 లీటర్లకు పైగా గాలి లాగుతుంది. ఫిల్టర్ మునిగితే అదే బలంతో నీళ్లు లాగుతుంది.

వానలో బండి తీయొద్దని నేననడం లేదు. సన్నటి తుంపర ఇంజిన్‌ని చంపదు. రెండో ప్రపంచ యుద్ధంలో కొన్ని విమానాల ఇంజిన్లకి కావాలనే నీళ్లు పిచికారీ చేసేవారు, కాసేపు అదనపు శక్తి కోసం. ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 అలాంటిదే. ఆ ఇంజిన్ గురించి మొదలుపెడితే సాయంత్రం అయిపోతుంది, వదిలేస్తాను. తేడా ఏమిటంటే అది కొలిచి పొగమంచులా చల్లిన నీరు. మనది ఒక్కసారిగా మింగే గుక్క.

ఫిల్టర్‌కి తొడిగే నీరంటని గుడ్డ ఉంది కదా అంటారు. చినుకులకి పనిచేస్తుంది, మునిగితే పనిచేయదు. బైపాస్ వాల్వ్ ఉంది, మంచి వస్తువే. ఫిల్టర్ మునగగానే పై నుంచి గాలి తీసుకుంటుంది. కానీ ఆ వాల్వ్ కూడా మునిగితే అంతే సంగతులు. పైగా టర్బో ఇంజిన్లకి అది పెట్టకూడదు. పవర్ కొంచెం తగ్గినా ఫరవాలేదనుకునేవాళ్లు ఫిల్టర్ బానెట్ కింద పైనే ఉండే పొట్టి గొట్టం, షార్ట్ రామ్, వేయించుకోండి. వానాకాలం వరకైనా పాత పెట్టె బిగించుకోండి. దయచేసి ఆ పెట్టె పారేయకండి.

నీళ్లలో బండి ఆగిందా, తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. ఎవరేమన్నా సెల్ఫ్ కొట్టకండి, తోయనివ్వకండి. బండిని మోయించి తెప్పించండి. ముందు ఫిల్టర్ తడిసిందేమో చూడాలి. తడిస్తే ప్లగ్గులు విప్పి, డీజిల్ అయితే ఇంజెక్టర్లు గానీ గ్లో ప్లగ్గులు గానీ విప్పి, అప్పుడు ఇంజిన్ తిప్పి నీళ్లు కక్కించాలి. ఆయిల్ పాలలా తెల్లబడిందేమో చూడాలి, కంప్రెషన్ కొలవాలి. స్టార్టయింది కదా అని వదిలేస్తే, కొద్దిగా వంగిన రాడ్డు కొన్నాళ్లు మోసి, ఒకరోజు హైవే మీద విరిగి బ్లాక్‌ని బద్దలు కొట్టుకుని బయటికొస్తుంది.

ఈ హాల్లో ఫిట్టింగ్ పని చేసే తమ్ముళ్లున్నారు, నాకు కనిపిస్తున్నారు. మీకో మాట. ఫిల్టర్ బిగించాక దాని అడుగు అంచు నేల నుంచి ఎన్ని అంగుళాలుందో టేపు పెట్టి కొలవండి. బిల్లు మీద రాసి, ఓనర్‌కి చదివి వినిపించండి. రెండు నిమిషాల పని. ఓనర్లు కూడా ఆ అంకె లేకుండా డబ్బులు కట్టకండి. అల వస్తే నీళ్లు ఇంకా పైకి లేస్తాయి కాబట్టి, ఆ ఎత్తులో సగం దాకా నీళ్లున్నాయని అనుమానం వచ్చినా వెనక్కి తిప్పేయండి.

టేపు తెచ్చాను. బయట మీ బండ్లున్నాయి. ప్రశ్నలు అక్కడే అడగండి, బానెట్లు తీసి కొలుస్తూ మాట్లాడుకుందాం. రాడ్డు ఎవరి దగ్గరుందో కాస్త ముందుకి పంపించండి.