ఇది సోవియట్ పాట కాదు మహాప్రభో! మోల్చాట్ డోమా అసలు కథ

కామెంట్లు చదువుతుంటే తిక్క లేస్తోంది. ఏ రీల్‌లో మోల్చాట్ డోమా పాట వినిపించినా సరే, కింద ఒకాయన దిగిపోతాడు: "1985 నాటి సోవియట్ పాట, గోర్బచేవ్ టైమ్‌ది." దానికి వందల లైకులు!

బాబూ, ఈ బ్యాండ్ పుట్టిందే 2017లో, బెలారస్ రాజధాని మిన్స్క్‌లో. అప్పటికి సోవియట్ యూనియన్ పోయి పాతికేళ్లు దాటింది. ఉన్నది ముగ్గురే. యెగోర్ ష్కుత్కో పాడతాడు, రోమన్ కమగోర్త్సెవ్ గిటారు, సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు), డ్రమ్ మెషీన్ చూసుకుంటాడు, పావెల్ కొజ్లోవ్ బేస్ (లోతైన స్వరాల గిటారు) వాయిస్తాడు.

మరి అంత పాతగా ఎందుకు వినిపిస్తుంది? అక్కడికే వస్తున్నా.

రాత్రి స్లీపర్ క్లాసులో పై బెర్తు మీద పడుకున్నారనుకోండి. కింద చక్రాలు టక్‌టక్, టక్‌టక్. అదే డ్రమ్ మెషీన్. మనిషి డ్రమ్స్ వాయిస్తే ఊపులో కాస్త పరిగెడతాడు, అలిసిపోతే తగ్గుతాడు. మెషీన్‌కి ఆ గోల లేదు, పాట మొదట్లో ఎలా కొట్టిందో చివర్లోనూ అలాగే కొడుతుంది. (ఇప్పటి వెల్డింగ్ పట్టాల మీద ఈ చప్పుడు తగ్గిపోయింది. పాత లైన్లలో తిరిగినవాళ్లకి బాగా తెలుసు.)

ఆ రైలుని లాగే ఇంజన్ బేస్ గిటారు. డార్క్ వేవ్ అంటారు ఈ తరహా చీకటి మూడ్ సంగీతాన్ని, దాని గుట్టంతా ఇక్కడే ఉంది. మామూలు రాక్‌లో బేస్ వెనకాల ఉంటుంది, ట్యూన్ గిటారుది. ఇక్కడ ట్యూనే బేస్‌ది. ఇళయరాజా పాటల్లో బేస్ మీద చెవి పెట్టే అలవాటున్నవాళ్లకి ఇది వెంటనే దొరుకుతుంది. గిటారు అప్పుడప్పుడు కిటికీలోంచి దాటిపోయే స్టేషన్ లైట్లలా, ఒక్కో తీగ మీద నాలుగు స్వరాలు మోగించి వెళ్లిపోతుంది. ఇక గొంతు? నిద్రమత్తులో ఉండగా ఏదో స్టేషన్లో మైకులో వినిపించే అనౌన్స్‌మెంట్. మాట పూర్తిగా అందదు, మనిషి మాత్రం ఉన్నాడని తెలుస్తుంది. రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని) దండిగా పోసి, గొంతుని కావాలనే వెనక్కి నెడతారు.

[మోల్చాట్ డోమా పాట "సుద్నో", మొదటి పది సెకన్లు]

విన్నారా? ముందు చక్రాలు, ఆ తర్వాతే మిగతావి.

ఈ రైలుని వీళ్లు కనిపెట్టలేదు. మాంచెస్టర్‌లో జాయ్ డివిజన్ అని ఒక బ్యాండ్ ఉండేది. అందులో పీటర్ హుక్ బేస్‌ని పై స్వరాల్లో వాయించేవాడు. ఏదో గొప్ప సిద్ధాంతం పెట్టుకుని కాదు, పక్కవాడి గిటారు ఆంప్ (శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) మోతలో కింది స్వరాలు తనకే వినపడక! నాకైతే భలే ఇష్టం ఈ ముచ్చట. 1979లో వాళ్ల మొదటి ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్ డ్రమ్స్‌ని విడదీసి, ఖాళీ హాల్లో మోగినట్టు తయారుచేశాడు.

సోవియట్ వైపు నుంచి వచ్చింది కినో. లెనిన్‌గ్రాడ్ బ్యాండ్, పాడేది విక్టర్ త్సోయ్. 1982లో తీసిన మొదటి ఆల్బమ్ పేరు 45, ఎందుకంటే నిడివి సుమారు 45 నిమిషాలు. అంతే కారణం! సొంత డ్రమ్మర్ లేక అందులో డ్రమ్ మెషీన్ వాడారు. త్సోయ్ పెద్ద స్టార్ అవుతున్న రోజుల్లో కూడా ఒక బాయిలర్ రూంలో బొగ్గు వేసే పని చేశాడు. 1990లో కారు ప్రమాదంలో పోయాడు. ష్కుత్కో ఆ బరువు గొంతుతో, ఏ భావమూ బయటపెట్టకుండా పాడుతుంటే నాకు వెంటనే గుర్తొచ్చేది త్సోయే. కామెంట్లో ఆయనకి సోవియట్ వాసన తగిలిందంటే ఇక్కడినుంచే, అంతవరకు ఒప్పుకుంటా. కానీ వాసన తగిలితే పుట్టిన తేదీ మారిపోతుందా?

ఇప్పుడు సుద్నో. 2020లో, మన దగ్గర టిక్‌టాక్ బ్యాన్ అయిన ఏడాదే, బయటి దేశాల్లో టిక్‌టాక్‌లో పేలిపోయింది. జనం కొత్త బట్టలేసుకుని తెగ తిరిగారు దానికి. ఆ సాహిత్యం బోరిస్ రీజీ అనే రష్యన్ కవిది, 2001లో 26 ఏళ్లకే ఆత్మహత్య చేసుకున్నాడు. పాట మొదలయ్యేదే మంచం పట్టిన రోగి వాడే ఎనామెల్ బెడ్‌పాన్‌తో. తర్వాత కిటికీ, చిన్న బల్ల, మంచం. దానికి ఫ్యాషన్ షో!

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఆ పాట ఉన్న ఆల్బమ్ ఎతజీ, 2018. కవర్ మీద ఉన్నది మిన్స్క్ అపార్ట్‌మెంట్ కాదు, స్లొవేకియాలో హై టాట్రాస్ కొండల్లో ఉన్న పనోరమా హోటల్. దీనికీ సోవియట్ అని కామెంట్ పెడతారు, వదిలేయండి. 2020లో అమెరికా రికార్డు కంపెనీ సేక్రెడ్ బోన్స్‌తో సంతకం, అదే ఏడాది మాన్యుమెంట్ ఆల్బమ్. తర్వాత మకాం లాస్ ఏంజెలెస్‌కి. 2024లో బేలయా పొలసా ఆల్బమ్, అందులో సింథ్ బాగా పెరిగింది, డిపెష్ మోడ్ అనే ఇంగ్లండ్ సింథ్ బ్యాండ్ వైపు జరిగారు. రికార్డింగ్ శుభ్రంగా ఉంది, కానీ నాకు ఎతజీలోని ఆ గరుకే నచ్చుతుంది.

ముందు కినో 45 వినండి, ఆ వెంటనే ఎతజీ. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినండి. ఫోన్ స్పీకర్లో బేస్ సరిగ్గా వినపడదు, తర్వాత "ఏముంది ఇందులో" అని నాతో గొడవకి రావద్దు.