పాత కారు వెనుక యాక్సిల్‌కు డిస్కు బ్రేకులు

అందరికీ నమస్కారం.

పాత కారుకు వెనుక డ్రమ్ము బ్రేకులు తీసి డిస్కు బ్రేకులు బిగించవచ్చా అంటే, బిగించవచ్చు. మంచి లేత్ మెషిన్ పనివాడు, కాస్త ఓపిక ఉంటే చక్రం దగ్గర పని ఆగిపోయేది కాదు. చిక్కంతా చక్రానికి దూరంగా ఉంటుంది. డ్రైవరు పక్కనున్న హ్యాండ్ బ్రేకులో కొంత, బానెట్ కింద ఉండి, పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లో కొంత. అక్కడ తేల్చుకోకుండా చక్రాలు విప్పవద్దని చెప్పడానికే వచ్చాను.

అసలు అవసరం ఎంత? మన కడప వాళ్లలో ఈ కోరిక ఎక్కువగా రాయచోటి నుంచి గువ్వలచెరువు ఘాట్ దిగి వచ్చేవారికి పుడుతుంది. దిగువకు వస్తూ బ్రేకు మీద నుంచి కాలు తీయకపోతే చక్రంతో తిరిగే గిన్నెలాంటి డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపలి నుంచి దాన్ని ఒత్తే షూలకు దూరమవుతుంది. షూల మీది లైనింగు పట్టు తగ్గుతుంది, పెడల్ కిందికి దిగుతుంది. డిస్కు అంటే చక్రంతో తిరిగే బిళ్ల, దాన్ని రెండు వైపుల నుంచి ప్యాడ్లు నొక్కుతాయి. అది వేడెక్కితే మందం పెరిగి ప్యాడ్ల వైపే వస్తుంది. గాలి తగులుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది కూడా. ఇంతవరకు డిస్కుదే పైచేయి. అయితే చిన్న గేరులో దిగే అలవాటు లేని డ్రైవరుకు నాలుగు చక్రాలకూ డిస్కులు పెట్టినా ప్యాడ్లు మాడతాయి.

ఇప్పుడు చిన్న లెక్క. 1,200 కిలోల కారు, ముందు 600, వెనుక 600. ముందు వెనుక చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు, గరిమనాభి ఎత్తు 55 సెంటీమీటర్లు అనుకుందాం. గురుత్వ త్వరణంలో 70 శాతం మేర వేగం తగ్గేలా బ్రేకు తొక్కితే దాదాపు 190 కిలోల భారం వెనుక నుంచి ముందుకు పోతుంది. వెనుక మిగిలేది 410 కిలోలు. అంటే ఆపే పనిలో వెనుక చక్రాల వాటా మూడో వంతు. నాలుగు వైపులా డ్రమ్ములే ఉన్న పాత అంబాసిడర్‌కో, పద్మినికో ముందు చక్రాలను అలాగే వదిలేసి వెనుక డిస్కులు వేయడం తలకిందుల పని. 1953లో లె మాన్ కార్ల పందెం గెలిచిన జాగ్వార్ సీ టైప్‌కు నాలుగూ డిస్కులే కదా అంటారు కొందరు. నిజమే, అది 24 గంటల పందెం. మనం ప్రొద్దుటూరు పోయి వచ్చేవాళ్లం.

ముందు డిస్కులు ఇప్పటికే ఉండి, వెనుక డ్రమ్ములు ఇక లేత్‌కు కూడా పనికిరానంతగా అరిగి, కొత్తవి దొరకనప్పుడు మార్పు సమంజసం. ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ములో, నాపరాళ్ల దుమ్ములో తిరిగే బండ్లకు మరో లాభం ఉంది. డ్రమ్ములో చేరిన దుమ్ము విప్పేదాకా అక్కడే ఉంటుంది, డిస్కు మీద నిలవదు.

ఇక యాక్సిల్. డ్రమ్ము, షూలు, వాటి వెనుకనున్న బ్యాక్ ప్లేటు తీశాక, యాక్సిల్ షాఫ్టును కప్పి ఉంచే హౌసింగ్ చివర ఫ్లాంజి, అంటే బోల్టులు పట్టే అంచు, కనిపిస్తుంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌ను మోసే బ్రాకెట్టు ఆ ఫ్లాంజి బోల్టులకే కూర్చోవాలి. హౌసింగ్‌కు వెల్డింగ్ చేయవద్దు. ఆ వేడికి బేరింగు కూర్చునే చోటు వంకరపోతే తరువాత ఏ సీలూ యాక్సిల్ ఆయిల్‌ను ఆపదు. ఇక్కడే తొందరలో చూడకుండా వదిలేసే విషయం ఒకటుంది. చాలా యాక్సిళ్లలో బ్యాక్ ప్లేటు షూలను మోయడంతో ఆగదు, బేరింగును అదిమి పట్టే పని కూడా చేస్తుంది. మూడు మిల్లీమీటర్ల ప్లేటు తీసి పది మిల్లీమీటర్ల బ్రాకెట్టు పెడితే బేరింగు బిగువు మారుతుంది. షిమ్ములతో, అంటే సన్నని రేకు ముక్కలతో, సరిచేయకపోతే షాఫ్టు లోపలికీ బయటికీ ఆడుతుంది. డ్రమ్ము ఈ ఆటను పట్టించుకోదు. డిస్కు మాత్రం షాఫ్టుతో పాటు కదిలి ప్యాడ్లను వెనక్కి నెడుతుంది, మలుపు తిరిగాక పెడల్ మొదటి తొక్కుకు ఖాళీగా దిగుతుంది. మెకానిక్ బ్రేకు పైపుల్లోని గాలి తీసి, మళ్లీ తీసి, మాస్టర్ సిలిండర్ మార్చి విసిగిపోతాడు. తప్పు బేరింగు దగ్గర ఉంటుంది.

డిస్కు మధ్య రంధ్రం యాక్సిల్ ఫ్లాంజి మీద బిగువుగా కూర్చోవాలి, స్టడ్ల మీద వేలాడకూడదు. డయల్ గేజి పెట్టి ఒక చుట్టు తిప్పితే ముల్లు 0.1 మిల్లీమీటరు దాటకూడదు. రిమ్ము తగులుతుందేమో చక్రం పెట్టి చూడండి. షూలను నెట్టే పాత వీల్ సిలిండర్ కదలదు కాబట్టి దానిదాకా ఇనుప పైపే వస్తుంది. ఫ్లోటింగ్ క్యాలిపర్ ప్యాడు అరిగే కొద్దీ జరుగుతుంది, కాబట్టి చివర రబ్బరు హోసు తప్పనిసరి. గాలి తీసే నిపుల్ పైకి ఉండాలి. ఎడమ క్యాలిపర్‌ను కుడికి, కుడిదాన్ని ఎడమకు బిగిస్తే నిపుల్ కిందికి వచ్చి గాలి ఎప్పటికీ పోదు.

హ్యాండ్ బ్రేకు దగ్గరకు వద్దాం. దాన్ని పీకేసి, గేరులో వేసి టైరు కింద రాయి పెడతామనేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. పైపులో ఒత్తిడిని బంధించే వాల్వు కూడా చాలదు, ఆయిల్ సన్నగా కారినా తెల్లారేసరికి పట్టు ఉండదు. డ్రమ్ములో చక్రం తిరగబోయే కొద్దీ షూ తనంత తాను మరింత బిగుస్తుంది. డిస్కుకు ఆ గుణం లేదు. అందుకే రెండే దారులు. మొదటి తరం స్కోడా ఆక్టేవియాలో లాగా హ్యాండ్ బ్రేకు మీట ఉన్న క్యాలిపర్ వాడాలి, లేదా డిస్కు మధ్యలో టోపీలా ఉబ్బిన భాగం లోపల చిన్న డ్రమ్ము ఉన్న రకం తీసుకోవాలి. రెండోదాని బిగింపు కష్టమే అయినా బరువైన పాత కారుకు నేను దాన్నే కోరుకుంటాను. మొదటిదానిలో పాత కేబుల్ లాగే దూరం, కొత్త మీటకు కావలసిన దూరం ఒకటి కాకపోవచ్చు. మొదట కాలి బ్రేకుతో ప్యాడ్లను సర్దుబాటు చేసి ఆ తరువాతే కేబుల్ బిగించాలి. ఇంకొక మాట: ఘాట్ దిగి వేడి డిస్కు మీద లాగిన హ్యాండ్ బ్రేకు, డిస్కు చల్లారి సన్నబడ్డాక వదులవుతుంది. కాసేపాగి మరోసారి లాగండి.

మాస్టర్ సిలిండర్‌లో డ్రమ్ముల కోసం, పెడల్ వదిలినా పైపులో కాస్త ఒత్తిడి నిలిచి ఉండేలా పెట్టిన వాల్వు ఉంటే తీసేయాలి, లేకపోతే ప్యాడ్లు డిస్కును ఎప్పుడూ రాస్తూనే ఉంటాయి. క్యాలిపర్‌కు ఆయిల్ ఎక్కువ కావాలని 19 మిల్లీమీటర్ల సిలిండర్ బదులు 22 మిల్లీమీటర్లది పెడితే ఆయిల్ మూడో వంతు ఎక్కువ కదులుతుంది, అదే కాలి బలానికి ఒత్తిడి మాత్రం ముప్పావుకు పడుతుంది. కాలి బలానికి తోడయ్యే బూస్టర్ లేని కారులో అది మోకాలికి తెలుస్తుంది. వెనుక పైపులో వెనుక ఒత్తిడిని తగ్గించే, సర్దుబాటు చేయగల ప్రొపోర్షనింగ్ వాల్వు పెట్టండి. ముందు చక్రాల కంటే వెనుకవి ముందుగా బిగుసుకుంటే కారు గిర్రున తిరుగుతుంది, ఈ మొత్తం పనిలో అసలు ప్రమాదం అదే. ఖాళీ స్థలంలో, తక్కువ వేగంలో, బయట ఒకరు నిలబడి ఏ చక్రం మొదట ఆగిందో చూసి చెప్పాలి. తడి నేల మీద కూడా చూడాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పులకు హద్దులు పెట్టింది, 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. పని మొదలు పెట్టేముందే రవాణా కార్యాలయంలో, బీమా కంపెనీలో రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి.

ఇక మీ ప్రశ్నలు. ఖర్చు ఎంతవుతుందని అడగబోయేవారు ముందు తమ హౌసింగ్ ఫ్లాంజి కొలతలు, రిమ్ము సైజు చెప్పాలి. అవి లేకుండా నేను చెప్పే ఏ అంకె అయినా మిమ్మల్ని సంతోషపెట్టడానికే అవుతుంది.