ఆరిగ్ టార్‌బాల్: ప్యాకేజింగ్ మొదలయ్యేది ఇక్కడే

అందరికీ నమస్కారం.

లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌లో సోర్స్ ప్యాకేజీ, అంటే ఒక సాఫ్ట్‌వేర్‌ని తయారుచేయడానికి కావలసిన మూల కోడ్ మూట, మామూలుగా మూడు ఫైళ్లు. మూల రచయితలు, అంటే మనం అప్‌స్ట్రీమ్ అనేవాళ్లు, విడుదల చేసిన కోడ్ ఉండే ఆరిగ్ (ఒరిజినల్) టార్‌బాల్, అంటే ఫైళ్లన్నీ కలిపి కుదించిన ఫైలు, ఒకటి. మన ప్యాచ్‌లు (కోడ్‌లో చేసే సవరణలు), బిల్డ్ నియమాలు ఉండే డెబియన్ టార్‌బాల్ రెండోది. ఈ రెండింటి చెక్‌సమ్‌లు, అంటే ఫైల్లోని బైట్లను బట్టి లెక్కగట్టిన గుర్తులు, రాసి సంతకం చేసిన డీఎస్‌సీ ఫైలు మూడోది. ఇవాళ మాట్లాడేది మొదటిదాని గురించే. డెబియన్ టార్‌బాల్‌లో తప్పు దొర్లితే రివిజన్ నంబరు ఒకటి పెంచి మళ్లీ పంపుకోవచ్చు. ఆరిగ్ సంగతి అలా కాదు. ఒక పేరుతో డెబియన్ ఆర్కైవ్‌లోకి, అంటే ప్యాకేజీల భాండాగారంలోకి, వెళ్లాక, అదే పేరుతో ఒక్క బైటు తేడా ఉన్న ఫైలు పంపినా ఆర్కైవ్ తిప్పికొడుతుంది.

అందుకే రచయిత ఇచ్చింది ఇచ్చినట్టే వాడాలి. దాన్ని ముట్టుకోక తప్పకపోతే ఆ సంగతి వెర్షన్‌లోనే కనబడాలి. ఫైలు పేరు మార్చడం ముట్టుకున్నట్టు కాదు. విప్పి మళ్లీ కుదించడం మాత్రం, లోపల ఒక్క అక్షరం మారకపోయినా, ముట్టుకున్నట్టే. కుదింపు మారితే చెక్‌సమ్ మారుతుంది, రచయిత సంతకం ఇక దానికి అతకదు.

చెక్‌సమ్ ఎంత సున్నితమో 2023 జనవరి 30న అందరికీ తెలిసొచ్చింది. విడుదలకు గుర్తుగా ట్యాగ్ పెట్టగానే, కోడ్ దాచే సైటు గిట్‌హబ్ తనంతట తాను తయారుచేసి ఇచ్చే టార్‌బాల్‌ల కుదింపు పద్ధతి ఆ రోజు మారింది. లోపలి ఫైళ్లు అవే, బయటి బైట్లు మాత్రం వేరు. పాత చెక్‌సమ్‌ల మీద ఆధారపడ్డ బిల్డ్‌లు వరసగా ఆగిపోయాయి, కొద్ది గంటల్లోనే ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. రచయిత స్వయంగా తయారుచేసి, సంతకం ఫైలుతో సహా పెట్టిన టార్‌బాల్ ఉంటే ముందు దాన్నే చూడండి. ఆయన పబ్లిక్ కీని డెబియన్ డైరెక్టరీలోని అప్‌స్ట్రీమ్ ఫోల్డర్‌లో సైనింగ్-కీ డాట్ ఏఎస్‌సీ పేరుతో ఉంచి, కొత్త విడుదలలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే వాచ్ ఫైల్లో సంతకం ఎక్కడుందో చెబితే, యూస్కాన్ అనే సాధనం విడుదలను దించుకునేటప్పుడే సరిచూస్తుంది.

సంతకం సరిపోయిందని నిశ్చింతగా ఉండకూడదు. ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉందని 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టారు. ఆ టార్‌బాల్‌ల మీద ఉన్నది విడుదల చేసే హక్కున్న వ్యక్తి సంతకమే. దాడి సరుకు పరీక్ష ఫైళ్ల వేషంలో గిట్‌లోనే, అంటే కోడ్ మార్పుల చరిత్ర దాచే చోటనే, ఉంది. దాన్ని బయటికి లాగి బిల్డ్‌లో కలిపే మీట మాత్రం బిల్డ్-టు-హోస్ట్ డాట్ ఎం4 అనే ఫైల్లో, ఒక్క టార్‌బాల్‌లోనే ఉంది. గిట్‌లో లేదు. కాన్ఫిగర్ అంటే బిల్డ్‌కి ముందు సిస్టమ్‌ను పరిశీలించే స్క్రిప్టు, ఆటోరీకాన్ఫ్ దాన్ని పుట్టించే సాధనం. ‘మేం ఆటోరీకాన్ఫ్‌తో కాన్ఫిగర్‌ని కొత్తగా పుట్టిస్తాం కదా’ అనే ధైర్యం ఇక్కడ చాలలేదు. ఎం4 ఫైలు కాన్ఫిగర్ నుంచి వచ్చేది కాదు, కాన్ఫిగర్ తయారీకి వాడే ముడిసరుకు. అది చెడితే కొత్తగా పుట్టించిన కాన్ఫిగర్‌లోకీ ఆ చెడే వస్తుంది.

కాబట్టి పోల్చి చూడాలి. గిట్‌లోంచి ట్యాగ్‌ని చెకౌట్ చేసిన (బయటికి తీసుకున్న) డైరెక్టరీ ఒకటి, టార్‌బాల్ విప్పిన డైరెక్టరీ ఒకటి పెట్టుకుని తేడాలు చూపే డిఫ్‌ని రికర్సివ్‌గా, అంటే లోపలి డైరెక్టరీలతో సహా, నడపండి. టార్‌బాల్‌లో అదనంగా కనబడే ప్రతి ఫైలుకూ కారణం చెప్పగలగాలి. కాన్ఫిగర్, మేక్‌ఫైల్ డాట్ ఇన్, అనువాదాల జీఎంవో ఫైళ్లు ఉండటం సహజం. ఎం4 ఫైళ్లు మామూలుగా గ్నూలిబ్, గెట్‌టెక్స్ట్ అనే వేరే ప్రాజెక్టుల నుంచి వస్తాయి. పేరు తెలిసినదే కదా అని వదిలేయకుండా అక్కడి అసలు ఫైలుతో పోల్చండి. అలవాటైన పేరు వెనకే ఆ మీట దాక్కుంది.

ఇక పేరు. ప్యాకేజీ పేరు, అండర్‌స్కోర్, వెర్షన్, ఆపై డాట్ ఆరిగ్ డాట్ టార్ డాట్ ఎక్స్‌జెడ్ లేదా జీజెడ్. రచయితల ఫైళ్లలో పేరుకీ వెర్షన్‌కీ మధ్య హైఫన్ ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు దాన్నే ఉంచేస్తారు, అప్పుడు సోర్స్ ప్యాకేజీ కట్టే డీపీకేజీ-సోర్స్‌కి ఆ ఫైలు కనబడదు. ముందస్తు విడుదలకు 1.0ఆర్‌సీ1 అని రాస్తే అది 1.0 కన్నా పెద్దదైపోతుంది, అసలు 1.0 వచ్చినా వాడకందారులకు అందదు. 1.0~ఆర్‌సీ1 అని రాయాలి, ఎందుకంటే వెర్షన్లను పోల్చేటప్పుడు టిల్డా (~) దేనికన్నా చిన్నదే. వెర్షన్‌ని వెనక్కి నడపలేం. ఎక్స్‌జెడ్ విషయంలో పాత కోడ్‌కి మళ్లడానికి డెబియన్ 5.6.1+రియల్లీ5.4.5-1 అని పెట్టాల్సి వచ్చింది.

ముట్టుకోక తప్పని సందర్భాలూ ఉన్నాయి. సోర్స్ లేని డీఎల్‌ఎల్ (విండోస్ బైనరీ ఫైలు), సోర్స్ లేకుండా మినిఫై చేసిన (ఖాళీలు తీసి కుదించిన) జావాస్క్రిప్ట్, మార్చకూడదని షరతు ఉన్న పత్రాలు డెబియన్ ప్రధాన విభాగంలో ఉండకూడదు. మన తెలుగు ఫాంట్లకూ ఇదే వర్తిస్తుంది. లోహిత్ తెలుగు ఫాంట్‌లో ఒక ఒత్తు తప్పుగా పడితే సరిచేయాల్సింది ఫాంట్‌ఫోర్జ్‌లో తెరుచుకునే ఎస్‌ఎఫ్‌డీ ఫైల్లో. టీటీఎఫ్ అందులోంచి తయారయ్యేది. టీటీఎఫ్ ఒక్కటే ఉన్న టార్‌బాల్‌తో మన అక్షరాల్ని రేపు ఇంకొకరు బాగుచేసుకోలేరు. అలాంటిది ఎదురైతే ఎస్‌ఎఫ్‌డీ కూడా విడుదలలో కలపమని రచయితను అడగండి.

తీసేయాల్సినవి చేత్తో తీయకండి. డెబియన్ కాపీరైట్ ఫైలు మొదటి పేరాలో ఫైల్స్-ఎక్స్‌క్లూడెడ్ కింద రాస్తే యూస్కాన్ తీసేసి మళ్లీ కుదిస్తుంది. ఏం తీశామో అందరికీ తెలుస్తుంది, వచ్చే విడుదలకూ అదే పట్టిక పనిచేస్తుంది. తీసేది లైసెన్సు కారణంగా అయితే వెర్షన్ చివర +డీఎఫ్‌ఎస్‌జీ (డెబియన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాలకు గుర్తు), వేరే కారణమైతే +డీఎస్. ఒక ఫైలు మరిచిపోయి అప్‌లోడ్ చేస్తే +డీఎఫ్‌ఎస్‌జీ2 చేయాల్సిందే.

విడుదలలే లేని ప్రాజెక్టుకు గిట్ ఆర్కైవ్ అనే కమాండ్‌తో మనమే తయారుచేయాలి. వెర్షన్ 0~గిట్ అని మొదలుపెట్టి తేదీ జోడిస్తే, రచయిత రేపు 0.1 విడుదల చేసినా చిక్కు రాదు. గిట్ ఆర్కైవ్ సబ్‌మాడ్యూళ్లను, అంటే లోపల చేర్చిన వేరే గిట్ ప్రాజెక్టులను, కలపదు, వాటి డైరెక్టరీలు ఖాళీగా వస్తాయి. ఎక్స్‌పోర్ట్-ఇగ్నోర్ అని గుర్తుపెట్టిన ఫైళ్లనూ వదిలేస్తుంది. జీజిప్‌ని -ఎన్ ఆప్షన్‌తో నడపండి, లేకపోతే పేరు, సమయం హెడర్‌లో చేరి రెండోసారి వేరే బైట్లు వస్తాయి.

అప్‌లోడ్‌కి ముందు, నెట్ లేని శుభ్రమైన క్రూట్‌లో, అంటే మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన డైరెక్టరీలో, ఒకసారి బిల్డ్ చేయండి. పైథాన్ ఎస్‌డిస్ట్ (పైథాన్ ప్రాజెక్టుల సోర్స్ టార్‌బాల్) అయితే, అందులో పరీక్షల డైరెక్టరీ లేకపోతే ఆ సంగతి ఇక్కడే బయటపడుతుంది. గిట్‌హబ్ టార్‌బాల్ తీసుకుని ఉంటే వెర్షన్ నంబరు తేల్చే సెటప్‌టూల్స్-ఎస్‌సీఎం అనే సాధనం, వెర్షన్ దొరకడం లేదని ఆగిపోతుంది, ఎందుకంటే అది గిట్ చరిత్రలో ట్యాగ్ కోసం వెతుకుతుంది, టార్‌బాల్‌లో ఆ చరిత్ర ఉండదు. దానికోసం టార్‌బాల్‌ని ముట్టుకోనక్కర్లేదు. సెటప్‌టూల్స్ ఎస్‌సీఎం ప్రిటెండ్ వెర్షన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని మన రూల్స్ ఫైల్లో పెడితే సరిపోతుంది.