మీ పాచిక సరైనదేనా? ఇంట్లోనే తేల్చుకోండి

నమస్కారం. ముందు ఈ అగ్గిపెట్టెను చూడండి. బల్ల మీదికి విసురుతున్నాను. వెల్లకిలా పడింది. మళ్లీ విసిరాను, మళ్లీ అంతే. నిలువుగా నిలబడటం మహా అరుదు. పాచిక గుట్టంతా ఇందులోనే ఉంది.

ఇది మన విశాఖ పూర్ణా మార్కెట్‌లో కొన్న లూడో పాచిక. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలుద్దాం. రెండు–ఐదు ముఖాల మధ్య 16 మిల్లీమీటర్లు, మూడు–నాలుగు మధ్య కూడా అంతే. ఒకటి–ఆరు మధ్య మాత్రం 15.7. అంటే ఇది కాస్త అణిగిన అగ్గిపెట్టె. ఒకటి, ఆరు రెండూ ఎక్కువ పడతాయి. ఎదురెదురు ముఖాల మొత్తం ఏడే కాబట్టి సగటు 3.5 దగ్గరే ఉంటుంది. సగటు చూసి లోపం పట్టుకోలేరు. అయినా అందరూ ఇదే పాచిక వేస్తే తగువు లేదు. ఎవరి పాచిక వాళ్లు తెచ్చుకుంటేనే గొడవ.

ఈ తేడా ఎలా వస్తుంది? వేడి ప్లాస్టిక్ అచ్చులో చల్లారుతూ కుంచించుకుపోతుంది. పైపొర ముందు గట్టిపడితే లోపల బుడగ మిగలవచ్చు. తర్వాత మెరుపు కోసం రాపిడి పొడి వేసి డ్రమ్ములో దొర్లిస్తారు. అంచులు గుండ్రంగా అరుగుతాయి, అన్నీ ఒకేలా అరగవు. అందుకే కాసినో పాచికలను సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో, పదునైన అంచులతో చేస్తారు. లోపల సీసం దాచకుండా పారదర్శకంగా ఉంచుతారు. చుక్కల గుంటలను అంతే బరువున్న పదార్థంతో నింపుతారు.

మామూలు పాచికలో ఆ గుంటలు ఖాళీ. ఆరు వైపు ఎక్కువ తొలిచారు కాబట్టి ఆ వైపు బరువు తక్కువ, అది కాస్త ఎక్కువగా పైకి వస్తుంది. ఇంగ్లండులో వెల్డన్ అనే శాస్త్రవేత్త 12 పాచికలను 26,306 సార్లు వేసిన లెక్క 1894 నాటిది. ఐదు, ఆరు కలిపి 33.33 శాతం రావాలి, 33.77 వచ్చాయి. ఇంత చిన్న తేడా తేలడానికి అంత ఓపిక కావాలి. కాబట్టి 60 సార్లు వేసి ఆరు 14 సార్లు పడిందని పాచికను తిట్టకండి. అది మామూలే.

లోపలి బుడగ సంగతి ఉప్పునీళ్లు చెబుతాయి. ఆర్కే బీచ్ నుంచి సీసాడు సముద్రపు నీళ్లు తెచ్చి చూశాను. పాచిక బుడుంగున మునిగింది! సముద్రపు నీటిలో లీటరుకు ఉప్పు దాదాపు 35 గ్రాములే. మనకు 100 మిల్లీలీటర్లకే అంత కావాలి. గోరువెచ్చని నీటిలో బాగా కలపండి. ఇదిగో, తేలింది. వేలితో తిప్పి వదలండి. ప్రతిసారీ ఒకే ముఖం పైకి వస్తుంటే బరువు ఒక పక్కకు ఉన్నట్టే. అయితే నీళ్లలో తేడా బల్ల మీదకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అక్రిలిక్ పాచిక అప్పటికీ తేలకపోతే వదిలేయండి, కాలిపర్సే నమ్మండి.

అయ్యాక మంచినీళ్లతో కడగడం మరవకండి. చుక్కల గుంటల్లో ఉప్పు పేరుకుంటుంది.